ముప్పై ఒకటోది

కావలి ట్రంకు రోడ్డులో
కట్టుడు పళ్ళు పోతపోసే గది నాది.
అరిగిపోయిన డ్రిల్లు ముళ్ళు పారెయ్యొద్దు అబ్బయా,
నాకియ్యి, అన్నాడు
కొలతలకొచ్చిన పెంచలయ్య.
ఎందుకన్నాను.
బొక్కలు పెట్టాల, అన్నాడు.

పై పళ్ళూ కింది పళ్ళూ తీసి
స్టీలు గ్లాసు నీళ్ళలో వేశాకే
ఆయన పనికి కూచునేది.
నేను చేసిన నవ్వు గ్లాసులోంచి చూస్తా ఉంటే
డాల్డా డబ్బా రేకుని
ఊదితే ఊగేటంత పలచగా అరగదీసేవాడు.

మూరెడు హంటరు విమానం.
అసలుదాంట్లో ముప్పై రెండో వంతు.
లోపల పక్కటెముకలకి చీపురు పుల్లలు చీల్చి పేర్చాడు.
ఎవరికి కనపడతాయి పెద్దాయనా అంటే
బొక్కలోంచి కనపడతాయి, అన్నాడు.

పైలట్ నెత్తిన అద్దానికి సైదాపురం మైకా.
వాళ్ళమ్మ ఆ గుట్టల కింద కూచుని
కొడవలి ముక్కతో పొరలు చీల్చిన మనిషి.
కొడుకూ అట్లానే గోటి కొనన పట్టి
ఊపిరి బిగబట్టి ఒక్క పొర లేపాడు.
వంపు తిరిగేలోపల పదకొండు పగిలినాయి.

రివిట్లకి పాత అలారం గడియారం పళ్ళ చక్రం.
స్కేలు వారన దొర్లిస్తే చీమల బారు.
ఎడం రెక్క మీద ఒక బారు వంకరపోయిందని
రెక్క మొత్తం పీకేశాడు.
వంకర చూపించింది నేనని
వారం రోజులు నాతో మాటల్లేవు.

ఆరు నెలలకి విమానం నిగనిగలాడింది.
ఇంక పాడు చెయ్యాల, అన్నాడు.

ఆయన ఉద్యోగమే బొక్కలు పూడ్చడం.
డెబ్బై ఒకటి డిసెంబరు, పఠాన్‌కోట్ చలి.
టార్చికి నీలం కాయితం చుట్టుకుని
దిగిన విమానం వొళ్ళంతా తడిమి
తగిలిన చోటల్లా సుద్దతో సున్నా చుట్టేవాడు.
రేకు కోసి, రివిట్లు కొట్టి,
తెల్లారేసరికి మళ్ళీ లేపాల.
ఆ రాత్రి ముప్పై ఒక్క సున్నాలు.

ఒక్కొక్కటీ గుర్తే.
ఇది దూరిన చోటు, అంచులు లోపలికి మడవాల.
ఇది అవతల తేలింది, రేకు పువ్వు మాదిరి విచ్చుకుంది.
పువ్వనకూడదులే, అన్నాడు మళ్ళీ.
నేనిచ్చిన ముల్లుతో లోపల్నించి గీకి గీకి
ఉల్లిపొర చేసి, అప్పుడు సూదితో పొడిచేవాడు.
ఆవగింజంత బొక్క.
గంటన్నర.

రంగు ఊడిన చోట్లకి ఇస్కపల్లి ఉప్పు.
తడి రేకు మీద చల్లి, పైన రంగు కొట్టి,
ఆరినాక వేలితో రాలిస్తే
ప్రతి రాయి కిందా బోడి రేకు తేలింది.
ఆ వేలు నాలిక్కి తగిలించుకుని చూశాడు.
తుపాకుల మూతుల దగ్గర
కిరసనాయిలు బుడ్డి మసి.

పళ్ళు లేని నోట్లోంచి
కథ కూడా బొక్కలు పడే వచ్చేది.
పైలట్ పేరు రెండుసార్లు చెప్పాడు.
రెండుసార్లూ నాకు గాలే వినపడింది.

లెక్కపెట్టాను. ముప్పై.
ఇంకోటేది?

తోక తిప్పి, అడుగు పక్కన
గసగసం గింజంత పొడిచాడు.
చానాసేపు దాన్నే చూశాడు.
తెల్లారిపోతా ఉండింది, అన్నాడు.
ఇంజను తిప్పేశారు.
చిన్నదే గదా, సాయంత్రం వచ్చినాక చూద్దాంలే అనుకున్నా.

వచ్చిందా?

పెంచలయ్య గ్లాసులోంచి పళ్ళు తీసి
నీళ్ళు విదిలించి పెట్టుకున్నాడు.
మాట తిన్నగా పలికే నోరు
మూసుకునే ఉంది.

డాల్డా రేకులో నూక గింజంత ముక్క కోశాడు.
నాలుగు మూలలా నాలుగు చుక్కలు.
పట్టకారుతో పట్టి,
చెయ్యి వొణుకు ఆగిందాకా ఆగి
అతికించాడు.

ఇప్పుడది నా అద్దాల బీరువాలో ఉంది,
పేర్లు రాసిన పళ్ళ సెట్ల పక్కన.
వచ్చినోళ్ళు రెక్క బొక్కలు చూసి
అబ్బా, నిజందే అంటారు.
అతుకు కనపడాలంటే తిరగెయ్యాల.
నేను తిరగెయ్యను.